ఒలీటా లెక్కలో లేని ఇల్లు

ముప్పై ఎనిమిదేళ్ళుగా క్లోవిస్ తన చెల్లెల్ని ఒకటే ప్రశ్న అడుగుతున్నాడు. ఆదివారం చర్చి ముగిశాక ఒలీటా కారేసుకుని అతని ఇంటికి వస్తుంది. వంటింటి బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, మజ్జిగ గ్లాసుల్లో మొక్కజొన్న రొట్టె నలిపి వేసుకుని చెంచాలతో తింటారు. సగం గ్లాసు ఖాళీ అయ్యాక అతను అడుగుతాడు.

"లెక్కలెలా ఉన్నాయే చెల్లీ?"

"ఉన్నాయి."

"సరిపోతున్నాయా?"

"ఒకటి తగ్గుతోంది అన్నయ్యా."

"చూసుకో మరి."

అక్కడితో ఆ మాట ఆగిపోతుంది. అంతకు మించి అడగకూడదని అతనికి తెలుసు, చెప్పకూడదని ఆమెకు తెలుసు. హంట్స్‌విల్‌లో ఆర్సెనల్, అంటే సైన్యపు ఆయుధాల కేంద్రం, జీతం తినే ఇళ్ళన్నిట్లో ఇదే తంతు. మొగుడు ఏం చేస్తాడో పెళ్ళానికి తెలియదు, పెళ్ళాం పగలంతా ఏ గదిలో కూర్చుంటుందో మొగుడికి తెలియదు. అయినా కాపురాలు చక్కగానే సాగుతాయి. తెలియకపోవడం వల్లే సాగుతున్నాయేమో కూడా.

ఒలీటాకి మొగుడు లేడు. పెళ్ళి కుదరలేదని కాదు, కుదుర్చుకునే తీరిక లేకపోయింది. ఉన్నదల్లా తనకంటే ఏడేళ్ళు పెద్దవాడైన ఈ అన్నయ్య. అతనికి జూయెల్ అనే భార్య ఉండేది. ఆమె పోయి తొమ్మిదేళ్ళయింది. పిల్లల్లేరు. పశువుల్ని అమ్మేశాక కొండ కింద ఆ ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. ఏమైనా కావాలా అని అడిగితే "నాకేం లోటే" అంటాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, క్లోవిస్ అమ్మని కూడా అడిగి ఎరగడు.

పంతొమ్మిది వందల యాభై ఒకటిలో ఒలీటాని మొదటిసారి ఆర్సెనల్ గేటు దాకా తీసుకొచ్చింది అతనే. ఆమెకు ఇరవై ఒకటి. లెక్కలొచ్చిన ఆడపిల్లలు కావాలని పేపర్లో పడింది. నాన్న బండి తీసుకుని, పొద్దున్నే గేటు దగ్గర దించాడు. కాపలావాడు ఆమెను లోపలికి పంపి, ఇతన్ని రోడ్డు అవతల ఆగమన్నాడు. లోపల పరీక్ష పెట్టారు, ప్రశ్నలడిగారు, ఇంకో గదికి పంపి మళ్ళీ అడిగారు. ఆరు గంటలు గడిచాక బయటికొస్తే అన్నయ్య బండి చక్రానికి ఆనుకుని ఎండలో కూర్చుని ఉన్నాడు. అమ్మ కాగితంలో చుట్టి ఇచ్చిన రెండు బిస్కెట్ రొట్టెలూ చుట్టినవి చుట్టినట్టే అతని ఒళ్ళో ఉన్నాయి.

"తినలేదేం?"

"నీకు ఆకలేస్తుందిగా."

"రెండున్నాయిగా, ఒకటి తినొచ్చుగా."

"రెండూ తినేంత ఆకలేస్తుందేమోనని."

ఆ రోజునుంచి ఒలీటా లెక్కలు కట్టే మనిషి. మొదట చేత్తో తిప్పే యంత్రం మీద, తర్వాత గదంత కంప్యూటర్ మీద, ఆ తర్వాత బల్ల మీద పట్టే కంప్యూటర్ మీద. యంత్రాలు చిన్నవవుతూ వచ్చాయి, లెక్కలు పెద్దవవుతూ వచ్చాయి. ఆమె మాత్రం అదే కిటికీల్లేని కట్టడంలో, అదే లేత నీలం చలికోటులో ఉండిపోయింది.

ఆ లెక్క సంగతి ఇప్పుడు చెప్పినా ఫరవాలేదు. ఆకాశంలో శత్రువు క్షిపణులు వస్తున్నాయి. వాటిని గాల్లోనే కొట్టడానికి మన దగ్గర ఎదురు క్షిపణులున్నాయి. దేని మీదికి దేన్ని పంపాలి? అవి మూడు, ఇవి మూడు అయితే పెన్సిలు చాలు. వంద, వంద అయితే, ఎన్ని రకాలుగా జత కట్టవచ్చో అన్నీ చూసి అసలైన మంచి జత తేల్చేసరికి తలకాయలు నెరిసిపోతాయి. చేతిలో ఉండేది మాత్రం రెండు మూడు నిమిషాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. అందుకని, నూటికి నూరు కాకపోయినా తొంభై అయిదు పాళ్ళు మంచి జవాబుని వేళకి ఇచ్చే పద్ధతి కావాలి.

ఒలీటా వాడిన పద్ధతి వేలంపాట. అది పుస్తకాల్లో ఉన్నదే. కానీ చదివిన రోజు ఆమెకు గుర్తొచ్చింది చిన్నప్పుడు అన్నయ్య భుజాలెక్కి చూసిన కంచరగాడిదల వేలం. ప్రతి ఎదురు క్షిపణీ తనకు బాగా అందే లక్ష్యాన్ని పాడుతుంది. అదే లక్ష్యానికి ఇంకొకటి పోటీకొస్తే పాట పెరుగుతుంది. మరీ పెరిగితే వెనకది "నాకొద్దులే" అని పక్క లక్ష్యం మీద పడుతుంది. కాసేపట్లో ఎవరిది వాళ్ళకి దక్కుతుంది. ఎవరూ పైన కూర్చుని అంతా చూడక్కర్లేదు.

వందలదాకా బాగానే నడిచింది. ఎనభైల మధ్యకొచ్చేసరికి పైవాళ్ళు వేలు అడగడం మొదలుపెట్టారు. వేలంలో వేలమంది అరుస్తుంటే పాట తెమలదు. అప్పుడు ఒలీటా ఆకాశాన్ని ముక్కలుగా కోసింది. ఏ ముక్క వేలం ఆ ముక్కలోనే, అన్నీ ఒకేసారి. నిమిషాల్లో అయ్యేది క్షణాల్లో తేలింది. పైఅధికారి గిల్‌క్రిస్ట్ ఆమె చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

ముక్కల మధ్య గీత మీద వచ్చేవాటి సంగతేమిటని తోటి ఉద్యోగి రోడ్రిక్ బైనమ్ అప్పుడే అడిగాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదస్తుడు. ఒలీటా దగ్గర దానికి జవాబు సిద్ధంగా ఉంది. ఒకే లక్ష్యం మీదికి అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి పోతే ఒక ఎదురు క్షిపణి దండగ. పేదింట్లో పుట్టిన మనిషి, దండగంటే ఒంటికి పడదు. అందుకని నియమం రాసింది. అనుమానమొస్తే పక్కముక్కకి వదిలెయ్యి.

ఈ బుర్ర ఆఫీసు గేటు దగ్గర ఆగిపోయేది కాదు. గర్లీ ఊళ్ళో ఆమె వెళ్ళే బాప్టిస్టు చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. చలికాలంలో కరెంటు పోతే, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ ఇళ్ళకు చర్చి బండ్లు వెళ్ళి కట్టెలూ, వేడి సూపూ ఇచ్చి, మనిషిని కళ్ళారా చూసి రావాలి. జాబితా ఒలీటాది. అరవై ఎనిమిది ఇళ్ళు, పద్నాలుగు బండ్లు. చర్చి వెనక హాల్లో చీట్లు పరిచి డ్రైవర్లచేత పాట పాడించేది. "నాకు దగ్గర", "నా బండికి గొలుసులున్నాయి, ఆ కొండ నాకివ్వు" అని వాళ్ళే పంచుకునేవాళ్ళు. అరవై ఎనిమిది ఎక్కువై ఆలస్యమవుతోందని మూడేళ్ళ కిందట దాన్నీ రెండు ముక్కలు చేసింది. కౌంటీ సరిహద్దు రోడ్డుకి ఇటువైపు తమది, అటువైపు మెథడిస్టు చర్చిది. అక్కడ జాబితా రాసే మనిషి వర్నీస్ ప్రూయిట్. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"ఎవరిదో తెలియనిది వస్తే?" అని వర్నీస్ అప్పుడే అడిగింది.

"అవతలివాళ్ళకి వదిలేద్దాం. ఒక్క ఇంటికి రెండు బండ్లు పోతే పెట్రోలు దండగేగా."

"నీ దుంప తెగ, పిసినారితనానికి కూడా పద్ధతి కనిపెట్టావు" అని వర్నీస్ నవ్వింది.

సరిగ్గా ఆ రోడ్డు మీదే క్లోవిస్ ఇల్లు. ఇల్లు అటు, కొట్టమూ ఉత్తరాల పెట్టే ఇటు. పన్ను ఒక కౌంటీకి కడతాడు, ఉత్తరాలు ఇంకో కౌంటీలో అందుకుంటాడు.

ఆ ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున గడ్డకట్టే వాన పడింది. పడ్డ చినుకు పడ్డట్టే కొమ్మమీదా తీగమీదా గాజై కూర్చుంది. మధ్యాహ్నానికి దేవదారు చెట్లు తుపాకీ పేలినట్టు విరిగిపడటం మొదలైంది. కరెంటు పోయింది, కొండవైపు ఫోన్లూ పోయాయి. ఒలీటా చీట్లు పరిచింది. గంట తిరక్కుండా తమవైపు ముప్పై నాలుగు ఇళ్ళకీ బండ్లు కుదిరాయి. ఒక్క బండీ వృథాగా తిరగలేదు. క్లోవిస్ ఇల్లు అటువైపు కదా, వర్నీస్ బండి వెళ్ళే ఉంటుందనుకుంది. ఆ అనుకోవడం కూడా ఎంతసేపో కాదు, చీట్లకి రబ్బరు బ్యాండు వేసేంతసేపు.

బుధవారానికి ఆర్సెనల్ రోడ్డు మీద ఉప్పు చల్లారు. శుక్రవారం రాజధాని నుంచి పెద్దలు వచ్చి లెక్క నడిపించి చూస్తారు. అది నెగ్గితే ఒలీటా ముప్పై ఎనిమిదేళ్ళ పనికి ఒక రూపం వచ్చినట్టు. నెగ్గకపోతే వచ్చే ఏడాది ఒక కేకు కోసి, ఒక గడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపుతారు. అందుకని పనిలోకి వెళ్ళింది.

గురువారం పొద్దున తొమ్మిదింటికి రోడ్రిక్‌తో కలిసి ఆఖరి పరీక్ష పెట్టింది. తెర మీద ఆరువందల చుక్కలు కిందికి దిగుతున్నాయి. ఎదురు చుక్కలు పైకి లేచాయి. ఎనిమిది క్షణాల్లో పంపకం ముగిసింది. అయిదువందల తొంభై తొమ్మిది ఆరిపోయాయి. ఒకటి మాత్రం నిమ్మళంగా నేలకి దిగింది.

"గురి తప్పిందా?" అంది ఒలీటా.

రోడ్రిక్ కాగితాలు తిరగేస్తున్నాడు. "లేదండి మిస్ ఒలీటా. అసలు దాని మీదికి ఎవరూ వెళ్ళలేదు."

"ఎవరూ వెళ్ళకపోవడమేంటి? ఎదురువి నలభై మిగిలున్నాయిగా."

"మిగిలే ఉన్నాయండి. ఇది నాలుగో ముక్కకీ అయిదో ముక్కకీ మధ్య గీత మీద వచ్చింది. నాలుగు ఏమనుకుందంటే, ఇది అయిదులో పడుతుందని. అయిదు ఏమో నాలుగులో పడుతుందని. చూడండి, రెండూ పక్కవాళ్ళకే వదిలేశాయి. దాని గురించి ఇద్దరికీ బాగా తెలుసండి. అదే విచిత్రం. కనపడక వదిలెయ్యలేదు, ఇద్దరూ చూశారు."

పదిమందిలో పాము చావదంటారు. ఇక్కడ ఇద్దరికే చావలేదు. ఒలీటా ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. గీతకి ఇటో అడుగు, అటో అడుగు. చుక్క సరిగ్గా గీత మీద ఉంది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. రోడ్రిక్ ఏదో చెబుతున్నాడు, ఆమెకు వినపడటం లేదు. చుక్క పక్కన ఒక కొట్టం కనిపిస్తోంది, ఒక ఉత్తరాల పెట్టె కనిపిస్తోంది.

లేచి బయట వరండాలోని మామూలు ఫోను దగ్గరికి వెళ్ళింది. వర్నీస్‌ది ఊళ్ళో ఇల్లు కాబట్టి ఫోను మోగింది.

"వర్నీస్, మా క్లోవిస్ దగ్గరికి మీ బండి ఏ రోజు వెళ్ళింది?"

"మా బండా? ఉత్తరాల చిరునామా మీ గర్లీ కదమ్మా. పైగా మీ అన్నయ్యాయె. జాబితా రాసేదే నువ్వు, నువ్వు చూసుకోకుండా ఉంటావా అని…" వర్నీస్ మాట మధ్యలో ఆగింది. "ఒలీటా, నువ్వు పంపలేదా?"

ఒలీటా ఫోను పెట్టేసింది. ఇవాళ నాలుగో రోజు.

గదిలోకి వచ్చి కోటు తీసుకుంది. బల్లనిండా రహస్యపు ముద్ర ఉన్న కాగితాలు. వాటిని ఇనప్పెట్టెలో పెట్టి, తాళం వేసి, వేళ రాసి, సంతకం చేసి గాని గది దాటకూడదు. ఒకసారి మంటల గంట మోగితే కూడా సంతకం చేసే బయటికి వెళ్ళిన మనిషి ఆమె. ఇప్పుడు కాగితాల వంక చూడనైనా లేదు.

"మిస్ ఒలీటా, కాగితాలు…"

"మా అన్నయ్య గీత మీద ఉన్నాడు రోడ్రిక్."

అతనికి అర్థమైందో లేదో గానీ, ఆమె మొహం చూసి ఇంకేం అడగలేదు. "మీరెళ్ళండి. తాళం నేనేస్తాను. సంతకం నేను పెడతాను. గిల్‌క్రిస్ట్‌తో నేను మాట్లాడుకుంటాను. మీరు ముందు వెళ్ళండి."

దారి పొడుగునా ఒలీటా తనని తాను తిట్టుకుంటూనే ఉంది. ఊరందరి ఇళ్ళకీ బండ్లు పంపావు, ఆ బండ్లలో నీ బండి ఏదీ? పద్నాలుగు బండ్ల పేర్లు రాశావు, నీ పేరు ఎందులో రాశావు? పాట పాడించేదాన్ని, నేనెందుకు పాడతాను అనుకున్నావు. నీకూ ఒక బండి ఉంది, నీకూ రెండు చేతులున్నాయి. ఆరు గంటలు ఎండలో కూర్చుని, ఆకలేసినా రొట్టె ముట్టని మనిషిని ఎవరికో వదిలేశావు.

క్లోవిస్ ఇల్లు ఇంకా అర మైలుందనగా రోడ్డుకడ్డంగా రెండు చెట్లు పడి ఉన్నాయి. కారు అక్కడే ఆపేసింది. వెనక సీట్లో చర్చికివ్వాలని పెట్టిన ఉన్ని మేజోళ్ళ కట్ట ఉంది. ఆఫీసు చెప్పుల మీదే రెండు జతలు తొడుక్కుంది, మంచుమీద జారకుండా. యాభై తొమ్మిదేళ్ళ మనిషి, మేజోళ్ళ కాళ్ళతో, చెట్టుకొమ్మల కిందినుంచి దూరి, రెండుసార్లు పడి, మూడోసారి పడబోయి, ఆ అర మైలూ నడిచింది.

పొగగొట్టంలోంచి పొగ రావడం లేదు.

వెనక మెట్లమీద గొడ్డలి, చెల్లాచెదరుగా కట్టెలు, వాటిమీద అంగుళం మందాన మంచు. మెట్లనుంచి తలుపుదాకా ఎవరో ఈడ్చుకుంటూ పోయిన జాడ. తలుపు తోసింది. వంటింట్లో పొయ్యి ముందు నాలుగు దుప్పట్ల కింద క్లోవిస్ పడుకుని ఉన్నాడు. గడ్డం మాసిపోయి, పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. కళ్ళు మూసుకునే ఉన్నాయి.

"అన్నయ్యా."

పలకలేదు. ఒలీటా మోకాళ్ళమీద కూలబడి అతని చెంపలు రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అన్నయ్యా, నేనే. ఒలీటాని."

కళ్ళు మెల్లిగా తెరుచుకున్నాయి. కాసేపు చూశాడు.

"ఆదివారమైందా?" అన్నాడు.

"ఇంకా కాలేదు. గురువారమే."

"మరి పని మానేసి వచ్చావేం?"

ఒలీటాకి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే కోటు విప్పి అతని కాళ్ళకి చుట్టింది. ఎడమ చీలమండ వాచి, గుమ్మడికాయంత అయింది. మంగళవారం కట్టెలకని వెళ్ళి మెట్లమీద జారాడట. లోపలికి పాక్కుంటూ రావడానికి గంట పట్టిందట. లోపలున్న కట్టెలు ఆ రాత్రికి సరిపోయాయట. అతను ఒక్కొక్క మాటే కూడదీసుకుని చెబుతుంటే ఆమె పొయ్యి రాజేయడానికి అటూ ఇటూ చూసింది. అప్పుడు కనపడింది. వంటింటి బల్ల చుట్టూ నాలుగు కుర్చీలుండాలి. ఒకటే ఉంది. గొడ్డలి బయటే ఉండిపోవడంతో, బాగున్న కాలితో తన్ని విరగ్గొట్టిన కుర్చీకాలి ముక్కొకటి పొయ్యి ముందు పడి ఉంది.

"కుర్చీలు తగలబెట్టావా?"

"మరేం చెయ్యను? చల్లగా ఉంటే."

"నిన్ననే అయిపోయుంటాయి. మరి దీన్నెందుకు ఉంచావు?" అని మిగిలిన కుర్చీ చూపించింది.

క్లోవిస్ ఆమెకేసి, చిన్నపిల్ల తెలిసిన సంగతే మళ్ళీ అడిగితే చూసినట్టు చూశాడు.

"అది నీ కుర్చీగా. ఆదివారం వస్తే ఎక్కడ కూర్చుంటావు?"

ఒలీటా ఆ కుర్చీని రెండు చేతులా ఎత్తి నేలకేసి కొట్టింది. మొదటిసారికి విరగలేదు. రెండోసారికి విరిగింది. ముక్కలు పొయ్యిలో పెట్టి, తన పర్సులో ఉన్న చర్చి కాగితాలూ, కిరాణా చీటీలూ అన్నీ ఉండలు చుట్టి అంటించింది.

"అయ్యో, మంచి కుర్చీయే" అన్నాడు క్లోవిస్.

"నోర్ముయ్" అంది చెల్లెలు. అరవై ఆరేళ్ళలో అతన్ని ఆ మాట అన్న మనిషి లేడు. "ఎవరూ రాలేదని గట్టిగా అరవొచ్చుగా, కొట్టం దగ్గర గుడ్డైనా కట్టొచ్చుగా."

"నాకంటే అవసరమైనవాళ్ళు ఉంటార్లే అనుకున్నా. నీకు చాలా ఇళ్ళున్నాయిగా."

"నాకున్నది ఒక్క ఇల్లే" అంది ఒలీటా.

మంట లేస్తుండగా అటువైపు రోడ్డునుంచి గొలుసులు కట్టిన బండి చప్పుడయింది. వర్నీస్ ప్రూయిట్, వెనక ఇద్దరు మెథడిస్టు డ్రైవర్లు, చేతిలో కోడి సూపు గిన్నె. గుమ్మంలో అడుగుపెడుతూనే వర్నీస్ ఆ దుప్పట్లూ, ఆ బల్లా చూసి నిలబడిపోయింది. ఊళ్ళో ఆవిడ నోరు మూతపడటం చూసినవాళ్ళు ఆ రోజు అక్కడున్న నలుగురే.

"తప్పు నాది" అంది చివరికి.

"కాదు, నియమం రాసింది నేను" అంది ఒలీటా.

"మూడు రోజులు ఒక్కరూ లేరు" అని దుప్పట్లలోంచి గొణిగాడు క్లోవిస్, "ఇప్పుడు తప్పు నాదంటే నాదని ఇద్దరు కొట్టుకుంటున్నారు. ముందు ఆ సూపిటు ఇవ్వండమ్మా."

ఆసుపత్రిలో చీలమండకి కట్టు వేశారు. ఎడమ కాలి వేళ్ళు రెండు చలికి చచ్చిపోయాయి, తీసేయక తప్పలేదు. మిగతా మనిషి దక్కాడు.

శుక్రవారం పెద్దలు వచ్చారు. ఒలీటా ఆసుపత్రి కుర్చీలో కునుకు తీసిన బట్టలతోనే వచ్చి వాళ్ళ ముందు నిలబడింది. గిల్‌క్రిస్ట్ ముందే చెవిలో చెప్పాడు, ఆరువందల్లో ఒకటేగా, ఇంకో పరీక్ష నడిపిద్దాం, అందులో పడదులే అని. ఆమె వినలేదు. అదే పరీక్ష నడిపించింది, ఆ చుక్క నేలకి దిగేదాకా వాళ్ళచేత చూపించింది.

"ఈ తప్పు నేను రాసిందేనండి. దండగవుతుందని భయపడి రాశాను. మాకు ఆరు వారాలు కావాలి."

అడిగిన ఆరు వారాలే, ఒక్క రోజు కూడా ఎక్కువ లేకుండా ఇచ్చారు. ఒలీటా, రోడ్రిక్ గీతకి రెండువైపులా ఒక పట్టీ గీశారు. ఆ పట్టీలో వచ్చేది ఇద్దరిదీ. ఇద్దరూ పాడాలి. "ఇది నాది" అని ఒకరు చెప్పి, ఆ మాట అవతలివాళ్ళకి చేరినట్టు జవాబు వచ్చేదాకా రెండోవాళ్ళు వదిలిపెట్టడానికి వీల్లేదు. జవాబు రాకపోతే ఇద్దరూ పోవాలి. ఆరు వారాల తర్వాత మళ్ళీ వచ్చిన పెద్దల్లో ఒకాయన కాగితం చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"దీనివల్ల వందకి మూడు, నాలుగు ఎదురు క్షిపణులు దండగవుతాయి కదమ్మా."

"అవునండి, అవుతాయి" అంది ఒలీటా. జన్మలో ఆ మాట అంత తేలిగ్గా అనలేదు. రోడ్రిక్ తల వంచుకుని నవ్వుకున్నాడు. పద్ధతి నెగ్గింది. కాగితాలు బల్లమీద వదిలి వెళ్ళినందుకు ఆమె ఫైల్లో ఒక మందలింపు కూడా చేరింది. ముప్పై ఎనిమిదేళ్ళలో అదొక్కటే. దాని నకలు ఆమె అడిగి తీసుకుని ఇంట్లో దాచుకుంది.

చర్చి జాబితాలు కూడా మారాయి. సరిహద్దు రోడ్డు మీది తొమ్మిది ఇళ్ళూ రెండు జాబితాల్లోనూ ఎక్కాయి.

మరుసటి ఏడాది జనవరిలో, ఒక మంగళవారం, ఏమంత మంచు లేదు. గాలికి ఒక తీగ తెగి రెండు గంటలు కరెంటు పోయింది, అంతే. మధ్యాహ్నం ఒలీటా చర్చి హాల్లో చీట్లు సర్దుకుంటుంటే ఫోను మోగింది.

"చెల్లీ, మీ లెక్క తప్పిందే" అన్నాడు క్లోవిస్.

"ఏమైంది? ఎవరూ రాలేదా?"

"రాకపోవడమేంటి, రెండు బండ్లొచ్చాయి. మీ బాప్టిస్టువాళ్ళూ దిగారు, వర్నీస్ మనిషీ దిగాడు. రెండు గిన్నెల సూపు. నాకున్నది ఒక్క పొట్ట, ఎనిమిది కాలివేళ్ళు. ఇంత సూపు ఎక్కడ పోసుకోను?"

ఒలీటా కుర్చీలోకి జారగిలబడింది.

"లెక్క తప్పలేదన్నయ్యా."

"సరిపోయిందా మరి?"

"ఒకటి ఎక్కువొచ్చింది."

"ఎక్కువొచ్చినా తప్పేగా?"

"కాదు." ఆ ఆదివారపు జవాబులు కాక, ముప్పై తొమ్మిదేళ్ళలో అన్నయ్యకి ఆమె తన పని గురించి చెప్పిన మొదటి మాట అదే. "ఎక్కువొస్తే తప్పు కాదు. అది కనిపెట్టడానికే నాకిన్నేళ్ళు పట్టింది."

ఒలీటా చేతిలో చివరి చీటీ ఉంది. దాని మీద క్లోవిస్ పేరు, పక్కన రెండు బండ్ల పేర్లు, వాటి కింద ఆమె చేతిరాతతోనే మూడో పేరు.

"ఇంకో బండి కూడా వస్తోంది" అంది.

"మూడోదా? ఎవరిదే?"

"నాది."

"ఇవాళ మంగళవారమే చెల్లీ."

"తెలుసు" అంది ఒలీటా. "మజ్జిగ బయట పెట్టు. వస్తున్నా."